మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య

మా ఆయన లిఫ్టు మెకానిక్. నేను డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పుతాను. మా ఇద్దరిలో ఎవరి పని ప్రమాదమని అడిగితే చుట్టాలందరూ నన్నే చూపిస్తారు. మా ఆయనయితే మరీను. "లిఫ్టుకు పైకీ కిందికీ తప్ప ఇంకో దారి లేదు. మా ఆవిడ దగ్గర నేర్చుకునేవాళ్ళకు అన్ని దారులూ వచ్చు, బ్రేకొక్కటే రాదు" అని కనిపించిన ప్రతివాడికీ చెప్పేవాడు. చెప్పి, ఎదుటివాళ్ళు నవ్వుతుంటే నా వైపు ఓరగా ఒక చూపు విసిరేవాడు, నేను నవ్వానా, మూతి ముడిచానా అని. నవ్వితే ఊరుకునేవాడు, ముడిస్తే ఇంకోటి వేసేవాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఇదే వరస. కంపెనీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. 'వెటకారం' అంటే చాలు, ఎవరో అందరికీ తెలుసు.

ఆ మనిషి ఒకరోజు ఒక పాత ఆఫీసు భవనంలో లిఫ్టు బాగుచేస్తుంటే పెట్టె ఉన్నట్టుండి జారింది. రెండు కాళ్ళూ తొడల దాకా పెట్టెకూ గోడకూ నడుమ ఇరుక్కుపోయాయి, సరిగ్గా మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య. ఇనుము కోసి బయటికి తీసేసరికి సగం రోజు పట్టింది. అంతసేపూ నోరు మాత్రం ఆగలేదట. "నన్ను నాలుగులోనే దింపండి బాబూ, అక్కడ టీ బాగుంటుంది" అన్నాడట. ఈ మాటను మా మరిది, అంటే ఆయన తమ్ముడు, ఆస్పత్రి వరండాలో దొరికిన ప్రతివాళ్ళకూ చెప్పాడు. చెప్పినప్పుడల్లా కళ్ళు తుడుచుకునేవాడు. నవ్వు వల్లో ఏడుపు వల్లో నాకు తెలియదు.

ఎముకలు విరగలేదని తెలిసి అందరం హమ్మయ్య అనుకున్నాం. అనుకోవడమే తప్పయింది. నలిగిపోయిన కండలోంచి ఏవేవో రక్తంలోకి దిగి కిడ్నీలకు అడ్డం పడ్డాయని కిడ్నీ డాక్టరు చెప్పాడు. మూత్రం ముందు డికాషన్ రంగులోకి మారింది, తర్వాత రావడమే మానేసింది. ఐసీయూలో పెట్టి డయాలిసిస్ మొదలుపెట్టారు. అది చాలదన్నట్టు, పెదవుల చుట్టూ చీమలు పాకుతున్నాయన్నాడు మా ఆయన. కాసేపటికి చేతివేళ్ళు వాటంతటవే కొంకర్లు పోయాయి. ఆ తర్వాత నా కళ్ళముందే ఫిట్సు వచ్చింది.

"కాల్షియం బాగా పడిపోయిందమ్మా," అన్నాడు డాక్టరు. "నలిగిన కండ రక్తంలోని కాల్షియాన్ని లాగేసుకుంటుంది. కిడ్నీలు పనిచెయ్యకపోతే ఇంకా తగ్గుతుంది. అది తగ్గితే నరాలూ మెదడూ అదుపు తప్పుతాయి."

నరానికి మందు ఎక్కించారు, ఫిట్సు ఆగింది. తర్వాత బిళ్ళలు రాశారు.

ఆ రోజు నుంచి కాల్షియం అన్న మాట మా ఇంట్లో కాపురం పెట్టింది. అంతకుముందు అత్తయ్య ఆ మాటను టీవీ ప్రకటనల్లో తప్ప వినలేదు. ఇక పొద్దున లేస్తే అదే. మా ఆయన్ని ఐసీయూ నుంచి మామూలు వార్డుకు మార్చాక బిళ్ళలు వేసే పని తనే మీద వేసుకుంది. నర్సు తెచ్చిన కాగితపు కప్పులో కాల్షియం బిళ్ళ ఏదో గుర్తుపట్టి ముందు అదే మింగించేది. పైనుంచి ఫ్లాస్కులో పాలు. "అది తగ్గే కదా నా బిడ్డ వంకర్లు పోయాడు. నేనుండగా ఇంకోసారి తగ్గనిస్తానా?" అనేది. నర్సులు కూడా మెచ్చుకున్నారు. ఇలాంటి తల్లి ఉంటే మాకు సగం పని తగ్గుతుంది అన్నారు.

వార్డుకు వచ్చిన కొద్ది రోజులకే మూత్రం మళ్ళీ మొదలైంది. మా మరిది సంబరం చూడాలి. రోజూ ఆ సంచీ దగ్గర వంగి, గీతలు లెక్కపెట్టి, ఫోను తీసి చుట్టాలందరికీ పరీక్ష పాసయినట్టు చెప్పేవాడు. "బాబాయ్, ఇవాళ నిన్నటికి రెట్టింపు!" అవతల బాబాయి కూడా అంతే సంతోషంగా అరిచేవాడు. డాక్టరు రోజూ రక్తం తీయించి, యూరియా తగ్గుతోంది, క్రియాటినిన్ తగ్గుతోంది, ఇక డయాలిసిస్ అక్కర్లేదు అన్నాడు.

ఆ సంబరంలోనే మా ఆయన తేడాగా మాట్లాడటం మొదలుపెట్టాడు.

మొదటిసారి డాక్టరు ముందే జరిగింది. ఆయన రౌండ్లకు వచ్చి, అలవాటుగా, "ఎలా ఉంది? ఇప్పుడెక్కడున్నారో చెప్పండి చూద్దాం," అన్నాడు.

"మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య," అన్నాడు మా ఆయన.

గది గదంతా ఘొల్లుమంది. మరిది మంచం కమ్మీ పట్టుకుని వంగిపోయాడు. డాక్టరు వెనకున్న నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అత్తయ్య చాలా రోజుల తర్వాత పళ్ళన్నీ కనిపించేలా నవ్వింది.

"ఈయన ఎప్పుడూ ఇంతేనా?" అన్నాడు డాక్టరు.

"ఎప్పుడూ ఇంతే!" అన్నారు తల్లీ తమ్ముడూ ఒక్కసారే.

"తలుపు తెరిపించండి," అన్నాడు మా ఆయన. మళ్ళీ నవ్వు.

ఆయన నా వైపు చూడలేదు. గోడ మీద ఎక్కడో చూస్తున్నాడు. మొదటిసారి పెద్ద రోడ్డెక్కిన స్టూడెంట్ల కళ్ళు అలాగే ఉంటాయి. తెరిచే ఉంటాయి, రోడ్డు మాత్రం వాటిలోకి పోదు. అలాంటప్పుడు నేను మాట్లాడుతూ కూర్చోను, నా వైపున్న బ్రేకు తొక్కేస్తాను. ఈ గదిలో నా కాలి కింద ఏ బ్రేకూ లేదు.

డాక్టరు వెనకాలే వరండాలోకి పరిగెత్తాను. "డాక్టరుగారూ, అది జోకు కాదండీ. నిజంగానే అన్నారు."

"ఎలా చెప్తున్నారు?"

"జోకు వేస్తే ఆయన నా వైపు చూస్తారు. ఇందాక చూడలేదు."

చెప్పాక నాకే అర్థమైంది, ఈ సాక్ష్యం ఏ కోర్టులోనూ నిలవదని. డాక్టరు చెడ్డవాడేం కాదు. ఆగి ఓపిగ్గానే చెప్పాడు. "కిడ్నీలు చెడినప్పుడు మెదడు మసకబారడం ఉంటుందమ్మా, నేను కాదనను. కానీ ఈయన కిడ్నీలు బాగుపడుతున్నాయి. నెంబర్లన్నీ మంచి దారిలో ఉన్నాయి. ఐసీయూలో అన్ని రోజులుంటే నిద్ర చెదిరి కొంచెం అటూ ఇటూగా ఉంటారు, సర్దుకుంటుంది. మీ వైపు చూడలేదని మనసులో పెట్టుకోకండి."

ఆ చివరి మాటకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నన్ను అలిగిన పెళ్ళాం కింద లెక్కేశాడు! ఏదో అనబోయేలోపు పక్క గదిలోకి వెళ్ళిపోయాడు. వరండాలో కాళ్ళు తుడుచుకునే పట్టా మీద నిలబడి కాసేపు పళ్ళు కొరుక్కున్నాను.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. నేను ఏది చూపించినా దానికొక హాయైన సమాధానం సిద్ధంగా ఉండేది. ఆగకుండా నీళ్ళు తాగుతున్నాడు, సీసా తర్వాత సీసా ఖాళీ చేస్తున్నాడు అంటే, మంచిదే కదండీ, కిడ్నీలు కడిగినట్టవుతుంది అన్నారు. విరేచనం కావడం లేదంటే, మంచం మీదుంటే అంతే అని ఒక సిరప్పు ఇచ్చారు. పగలంతా మగతగా పడుంటున్నాడంటే, పాపం ఎంత అలిసిపోయాడో, పడుకోనివ్వండి అన్నారు. అన్నం వద్దంటున్నాడంటే ఆస్పత్రి తిండి ఎవరికి నచ్చుతుంది అని మరిది జోకు. ఒక్కో సంగతి ఒక్కో మనిషికి చెప్పాను, ఒక్కో మనిషి ఒక్కో సంగతిని సర్దేసి పంపాడు. వాటన్నిటినీ ఒకచోట చేర్చి చూసే మనిషి మాత్రం ఒక్కరూ దొరకలేదు. నాకా చదువు లేదు. ఏదో తప్పని తెలుసు, ఏం తప్పో తెలియదు. ఇంతకంటే చికాకు ప్రపంచంలో ఇంకోటి లేదు.

ఒక మధ్యాహ్నం నేను ఆయనకు గడ్డం గీస్తున్నాను. మరిది కిటికీ దగ్గర బిస్కెట్లు తింటున్నాడు. మా ఆయన నా చేతిలోని రేజరు వైపు చూసి, చాలా మర్యాదగా, "మీరెవరి కోసం వచ్చారండీ?" అన్నాడు.

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నోట నాకు మీరూ లేదు, అండీ లేదు. ఏమోయ్, ఒసేయ్, డ్రైవరమ్మా, ఇవే. మనుషులున్నప్పుడు నేను ఆయన్ని మీరంటాను, లేనప్పుడు నువ్వంటాను. ఆయనకు ఆ బాధ కూడా లేదు. నా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

మరిది నోట్లో బిస్కెట్టు పెట్టుకునే విరగబడి నవ్వాడు. "అబ్బ, ఏం వేశావన్నయ్యా! వదినా, ఇంక నువ్వు మళ్ళీ మొదటి నుంచి పరిచయం చేసుకోవాలి!"

"నోర్ముయ్!" అన్నాను. రేజరు గిన్నెలో పడేసి, అతన్ని చెయ్యి పట్టుకుని వరండాలోకి ఈడ్చాను. "నీకు కళ్ళున్నాయా? ఆ ముఖంలో నీకు జోకు కనిపించిందా?"

"మరేం కనిపించాలి?"

"భయం! ఆయనకు నేనెవరో తెలియట్లేదు!"

"వదినా, నీకిది కొత్తా? ఆరోజు అన్నయ్య మీ స్కూలు ఓనరుతో నువ్వు తన అత్తగారివని చెప్పి నమ్మించలేదా? నేను ఇంటరు ఫెయిలయినప్పుడు వారం రోజులు నన్ను గుర్తుపట్టనట్టు నటించలేదా?" అతని గొంతు వణికింది. "మనిషి బతికి బయటపడ్డాడు. మాట్లాడుతున్నాడు. మూత్రం వస్తోంది. ఇంకేం కావాలి నీకు?"

అప్పుడర్థమైంది, అతను నవ్వేది నమ్మకంతో కాదని. అన్నయ్య జోకులు వేస్తున్నంతసేపూ అన్నయ్య ఉన్నట్టే. ఆ జోకును కూడా నేను లాక్కుంటానంటున్నాను. అర్థమైనంత మాత్రాన కోపం తగ్గుతుందా? తగ్గలేదు. గోడతో మాట్లాడినా ఇంతకంటే నయం అన్నాను. అత్తయ్య లోపలి నుంచి వచ్చి, "ఎందుకమ్మాయ్ ఆ అరుపులు? నీ నోట్లోంచి ఒక్క మంచి మాట రాదా?" అని నన్నే కసిరింది.

మర్నాడు డాక్టరు ముందు ఎలాగైనా రుజువు చెయ్యాలని కాచుకున్నాను. మా ఆయన ఆ పూట పేరడిగితే పేరు చెప్పాడు. చేతులెత్తమంటే ఎత్తాడు. నాలుక చాపమంటే చాపాడు. నేనెవరో అడగండి డాక్టరుగారూ అన్నాను. అడిగాడు. మా ఆయన నన్ను తేరిపార చూసి, "మా ఆవిడే కదా, ఇంకెవరు," అన్నాడు. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళగానే చప్పుడు మానేసే కారులాగా! డాక్టరు నా వైపు జాలిగా చూశాడు. "మీరు కూడా ఇంటికెళ్ళి కాస్త నిద్రపోండమ్మా," అన్నాడు. ఆయనటు వెళ్ళగానే మా ఆయన నా కొంగు పట్టి లాగి, "లిఫ్టు అద్దం పగలగొట్టమని చెప్పారా?" అని గుసగుసగా అడిగాడు.

నాకు తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది.

ఇంకో రోజు గడిచేసరికి మాటలు కూడా తగ్గిపోయాయి. పిలిస్తే కళ్ళు తెరుస్తాడు, సగం మాటలో మళ్ళీ మూసుకుంటాడు. నర్సు, నిద్ర బాగా పడుతోంది అంది. ఆ పొద్దున అత్తయ్య కాల్షియం బిళ్ళ అరచేతిలో పెట్టుకుని మంచం దగ్గరికి వెళ్ళింది. "లే నాన్నా, ఇది వేసుకుని పడుకుందువు," అంది.

మా ఆయన కళ్ళు తెరిచి ఆవిడను చూశాడు. "మేడం, లోపలికి రాకండి. ఇప్పటికే బరువెక్కువైంది," అన్నాడు.

అత్తయ్య భారీ మనిషి. చిన్నప్పటి నుంచీ ఆ లావు మీద కొడుకు వేసినన్ని జోకులు ఎవరూ వేసి ఉండరని ఆవిడే చెప్పుకునేది. గట్టిగా నవ్వింది. "వేషాలు చాల్లే. నోరు తెరువు."

"మిమ్మల్ని తీసుకెళ్ళడానికి మీవాళ్ళెవరైనా వస్తారా మేడం?"

"వచ్చాడుగా నా కొడుకు. ఎదురుగా ఉన్నాడుగా."

"నేను కాదండీ," అన్నాడు మా ఆయన. గొంతు చిన్నపిల్లవాడిదిలా అయిపోయింది. "నేను ఇక్కడ ఇరుక్కుపోయాను. ఎవరూ వినట్లేదు. మీరు బయటికెళ్తే మా అమ్మకు చెప్తారా?"

అత్తయ్య నవ్వు ఆగిపోయింది. అరచేతిలో బిళ్ళ అలాగే ఉంది. కొడుకు ముఖంలోకి వంగి చూసింది, చాలాసేపు చూసింది. ఆ తర్వాత బిళ్ళ ఆయన నోట్లో వేసి, నీళ్ళు పట్టి, పెదవులు తుడిచి, గ్లాసు కడగడానికి బయటికి వెళ్ళిపోయింది. ఒక గ్లాసు కడగడానికి అంతసేపు పట్టదు. నేను వెనకాల వెళ్ళలేదు. వెళ్తే కొట్లాడేదాన్ని.

డాక్టరు వచ్చాడు. కాగితాలు తిరగేసి, "క్రియాటినిన్ ఇంకా తగ్గింది, చాలా బాగుంది," అన్నాడు. మా ఆయన్ని తట్టి లేపి, ఎక్కడున్నారని అడిగాడు. జవాబు లేదు. మళ్ళీ అడిగాడు. "లిఫ్టులో," అని గొణిగి కళ్ళు మూసుకున్నాడు.

మరిది నవ్వడానికి ప్రయత్నించాడు. "ఎప్పుడూ ఇంతే డాక్టర్…"

"లేదు," అంది అత్తయ్య.

గుమ్మంలో నిలబడి ఉంది, తడి గ్లాసు చేతిలో. "లేదు బాబూ. వాడు ఎప్పుడూ ఇలా లేడు. జ్వరమొచ్చినప్పుడు లేడు, ఫిట్సు వచ్చినప్పుడు కూడా లేడు. నేనే అబద్ధం చెప్పాను. వాడికి నేనెవరో తెలియట్లేదు. ఈ పిల్ల ఇన్ని రోజులుగా మొత్తుకుంటోంది, మీరూ వినలేదు, నేనూ విననివ్వలేదు."

డాక్టరు కాగితాలు మూసేశాడు. మా ఆయన కనురెప్పలు ఎత్తి టార్చి వేశాడు, మెడ వంచాడు, మోకాలి మీద సుత్తితో కొట్టాడు. తర్వాత నా వైపు తిరిగి, మొదటిసారి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "మీరు చూసినవన్నీ వరసగా చెప్పండి," అన్నాడు.

చెప్పాను. దాహం, మలబద్ధకం, మగత, అన్నం వద్దనడం, మాటల తేడా. ఇన్ని రోజులు ఒక్కొక్కరికి ఒక్కో ముక్క పంచిపెట్టినదంతా ఒకే గుక్కలో చెప్పేశాను. సగంలోనే ఆయన ముఖం మారింది. నర్సును పిలిచి, "ఈయన కాల్షియం చివరిసారి ఎప్పుడు చూశాం?" అన్నాడు.

నర్సు కాగితాలు తిరగేసింది. ముందుకీ వెనక్కీ తిరగేసింది. "ఐసీయూలో సార్."

"వార్డుకొచ్చాక?"

"రోజూ కిడ్నీ టెస్టులే రాశారు సార్. యూరియా, క్రియాటినిన్, పొటాషియం."

"కాల్షియం బిళ్ళలు?"

"నడుస్తున్నాయి సార్. ఎవరూ ఆపమనలేదు."

అప్పటికప్పుడు రక్తం తీశారు. రిజల్టు రాకముందే మా ఆయన పిలిస్తే పలకని స్థితికి వెళ్ళిపోయాడు. భుజం పట్టి కుదిపితే మూలుగు తప్ప ఏమీ లేదు. రిజల్టు చేతిలో పట్టుకుని డాక్టరు దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చాడు. పది చుట్టూ ఉండాల్సిన కాల్షియం పద్నాలుగు దాటింది. మంచాన్ని గదిలోంచి బయటికి తోస్తూనే చెప్పాడు. నలిగిన కండ అప్పుడు లాగేసుకున్న కాల్షియాన్ని బాగుపడేటప్పుడు తిరిగి రక్తంలోకి వదిలేస్తుందట. దాని మీద మళ్ళీ కాల్షియం బిళ్ళలు, వాటిలో కలిసుండే విటమిన్ డి. కాల్షియం తగ్గితే మెదడు రెచ్చిపోయినట్టే, పెరిగితే మగతలో మునిగిపోతుందట.

"అప్పుడు తక్కువన్నారు. ఇప్పుడు ఎక్కువంటున్నారు," అన్నాను మంచంతో పాటు పరిగెత్తుతూ. "మధ్యలో ఒక్కరికీ చూడాలనిపించలేదా? ఆ మూత్రం సంచీని రోజూ చూశారే, మనిషిని చూడలేదా?"

"చూడాల్సింది," అన్నాడు డాక్టరు. "తప్పు నాదే."

ఎంత కోపమొచ్చిందో చెప్పలేను. ఇన్ని రోజులుగా కూడబెట్టుకున్న పోట్లాటంతా నాలుక చివరే ఉంది. కాదని వాదించినా బాగుండేది, నలుగురూ వినేలా దులిపేసేదాన్ని. తప్పొప్పుకున్నవాడిని ఏం దులుపుతాం? ఐసీయూ తలుపు నా ముఖం మీదే మూసుకుంది.

వరండాలో అత్తయ్య తన అరచేతిని చూసుకుంటూ కూర్చుంది. "పొద్దున కూడా వేశానే," అంది. "వాడు అమ్మకు చెప్పమని అడిగాక కూడా, నేనే వేశాను." నాకు ఆవిడ మీదా కోపముంది. కానీ పక్కన కూర్చుని ఆ చెయ్యి నా ఒళ్ళోకి తీసుకున్నాను. మరిది ఎదురుగా గోడకానుకుని నిలబడ్డాడు. ఫోను మోగుతూనే ఉంది, బాబాయి. తీయలేదు.

సెలైను ధారగా ఎక్కించారు, మళ్ళీ డయాలిసిస్ చేశారు, బిళ్ళలు ఆపేశారు. రెండు రోజుల్లో కాల్షియం మామూలుకు వచ్చేసింది. మా ఆయన రాలేదు. రక్తం బాగైనంత తొందరగా మెదడు బాగవదు, ఓపిక పట్టండి అన్నారు. తేరుకుంటాడా అంటే తేరుకోవాలి అన్నారు. ఆ 'వాలి' అన్న మాట పట్టుకుని ఆ వరండాలో ఎన్నిసార్లు తిరిగానో. తలుపు తీసిన ప్రతి నర్సునూ అడిగి విసిగించాను. నా స్టూడెంటొకరు ఫోను చేసి క్లాసు ఎప్పుడు మేడం అంటే, పాపం ఆ అమ్మాయిని కూడా తిట్టాను.

చివరికి ఒక సాయంత్రం నర్సు తలుపు తీసి, పిలుస్తున్నారు రండి అంది. ముగ్గురం వెళ్ళాం. మా ఆయన దిండుకు ఆనుకుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. "అమ్మా" అన్నాడు, తమ్ముడిని పేరు పెట్టి పిలిచాడు, నా వైపు చూసి "ఏమోయ్" అన్నాడు. అత్తయ్య ఆయన తల గుండెకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మరిది ముక్కు తుడుచుకుని, ఎలాగైనా ఆ ఏడుపులు ఆపాలనుకున్నాడో ఏమో, "అన్నయ్యా, నువ్వేం మాట్లాడావో తెలుసా ఇన్ని రోజులూ?" అని మొదలుపెట్టాడు. డాక్టరుకు ఇచ్చిన జవాబు చెప్పాడు, మేడం కథ చెప్పాడు, అన్నీ చెప్పాడు. మా ఆయన నవ్వుతాడని ఆగి ఆగి చెప్పాడు. మా ఆయన నవ్వలేదు.

"మీరు నవ్వారా?" అన్నాడు.

మరిది మంచం దగ్గర నుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నాకు సరిగా గుర్తులేదురా. ఇరుక్కుపోయానని తెలుసు. మనుషులు వచ్చి చుట్టూ నిలబడేవాళ్ళు. తలుపు తెరవండి అంటే నవ్వేవాళ్ళు. ఎంత అరిచినా నవ్వేవాళ్ళు." మెల్లగా చెప్పాడు, ఎవరినీ నిందిస్తున్నట్టు కాదు. "అదొక్కటే గుర్తుంది."

మరిది బయటికి వెళ్ళిపోయాడు. అత్తయ్య కళ్ళు ఒత్తుకుంటూ అతని వెనకాలే వెళ్ళింది. నేను మంచం పక్కన కూర్చుంటే, ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ దుఃఖంలోనూ నాకొక గర్వం కలిగింది. ఆ గదిలో నవ్వని మనిషిని నేనొక్కదాన్నేనని.

"నేను నవ్వలేదు," అన్నాను.

"తెలుసు," అన్నాడు. "అందరూ నవ్వుతుంటే ఒక్క ఆడమనిషి మాత్రం కోపంగా నన్నే చూస్తూ ఉండేది. అందరికంటే నాకు ఆవిడంటేనే భయం వేసింది. నన్ను అక్కడ ఇరికించింది ఆవిడేననుకున్నాను."

అన్ని రోజులు ఎవరి కోసం కొట్లాడానో, ఆ మనిషికే నేను దయ్యంలా కనిపించాను. ఎవరిని తిట్టాలి? ఎవరి మీద అరవాలి?

"మరి ఇప్పుడెలా కనిపిస్తున్నాను నీకు?" అన్నాను.

తల తిప్పి నన్ను పరీక్షగా చూశాడు.

"అలాగే. కోపంగానే ఉన్నావు," అన్నాడు. నా చెయ్యి మాత్రం వదల్లేదు.